అక్కకు చెప్పిన హంతకుడు

జహీరాబాద్‌లో మా అక్కా, నేనూ ఒకే డిటెక్టివ్ సీరీస్ చదువుతూ పెద్దవాళ్లమయ్యాం. మా ఇంట్లో హత్య కన్నా పెద్ద నేరం ఒకటుండేది. హంతకుడి పేరు ముందే బయటపెట్టడం. పెళ్లయిన కొత్తలో బావ ఆ పొరపాటు చేసి, కొన్నాళ్లు తన టీ తనే పెట్టుకున్నాడు.

పోయినేడు అక్క క్యాన్సర్‌తో దవాఖానలో ఉంటే, ఆ సీరీస్‌లో కొత్తగా వచ్చిన నవల రోజూ మధ్యాహ్నం చదివి వినిపించేవాణ్ణి. ముందేం జరగబోతుందో నాకూ తెలియదు. ఒకరోజు అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తమ్మీ, చంపినోడెవడో చెప్పెయ్‌రా."

"ఇంకా సగం పుస్తకం ఉందక్కా!"

"అందుకే అడుగుతున్న."

చివరి పేజీలు తిప్పాను గానీ, కళ్లల్లో నీళ్లకు అక్షరాలు కనబడలేదు. నోటికొచ్చినట్టు "వకీలు" అనేశాను.

"నేను మొదటి సంది అంటనే ఉన్న గద, వాని తీరు మంచిగ లేదని!" గెలిచినట్టు నవ్వి, కళ్లు మూసుకుంది.

తెల్లారి అక్క పోయింది. మిగిలిన సగం నేనింతవరకూ చదవలేదు. అందులో ఆ వకీలు నిర్దోషి అని తేలితే తట్టుకునే ధైర్యం నాకు లేదు.