చంక దిగిన పిల్ల

మా అమ్మాయికి ఏడో ఏడు వచ్చినా నేను చంకనెత్తుకునే బడికి తీసుకెళ్లేదాన్ని. ఉబ్బసం పిల్ల. నాలుగడుగులు పరిగెడితే పిల్లికూతలు మొదలయ్యేవి. డెబ్బయ్యో దశకం మొదట్లో మా ఆయనకు పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో కిరాయికి దిగాం. ఫ్యాక్టరీ డాక్టరు ప్రతిసారీ ఒకటే మాట: "పిల్లని ఆడనివ్వండమ్మా. ఆయాసం వస్తే ఆపి, కూర్చోబెట్టి, మందు వెయ్యండి." నేను బుద్ధిగా తలూపి, గేటు దాటగానే మళ్లీ ఎత్తుకునేదాన్ని. ఆయన కన్నాడా, పెంచాడా!

ఇంటి ఓనరమ్మ ఊరుకునేది కాదు. "ఏంది చెల్లె, గంత పిల్లను మోస్తవు? నువ్వు మోస్తుంటే దానికి దమ్మెట్ల వస్తది?" అనేది. నాకు ఒళ్లు మండేది. ముగ్గురు పిల్లల్ని పొలం గట్ల మీద వదిలేసి పెంచిన మనిషికి ఉబ్బసం సంగతేం తెలుసు?

ఆ చలికాలం నా నడుం పట్టేసింది. మంచం దిగలేకపోయాను. పది రోజులు ఓనరమ్మే పిల్లను బడికి నడిపించుకెళ్లింది. దారంతా దాని చేత మాట్లాడించేదట. ఆయాసంతో మాట తెగితే ఇద్దరూ రోడ్డు పక్కన కూర్చోవడం, మాట సాగితే లేచి నడవడం. చలిగాలి కొడితే ముక్కుకు గుడ్డ చుట్టేదట. మందుబిళ్లలు మాత్రం నా కళ్లముందే కొంగున కట్టుకునేది. మిగతావన్నీ పిల్ల చెప్పిన సంగతులే. నేను ఒక్కటీ నమ్మలేదు.

నడుం కుదుటపడిన రోజు సాయంత్రం, చెప్పకుండా బడికి వెళ్లాను. ఓనరమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. మైదానంలో పిల్లలు ఒకరినొకరు తరుముకుంటున్నారు. అందులో మా పిల్ల! జడ ఊడిపోయింది, పగలబడి నవ్వుతోంది. కాసేపు పరిగెత్తి, తనే ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ పరుగు అందుకుంటోంది.

అంతలో నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఉన్నచోటే కూలబడింది. ఎత్తుకోమని చేతులు చాచింది.

"ఇప్పటిదాంక మంచిగనే ఉండె," అంది ఓనరమ్మ, నా వైపు చూడకుండా.

పరుగున వెళ్లి దాని వీపుకు చెవి ఆనించాను. పిల్లికూత లేదు. జబ్బు నిజమే, కాదనను. కానీ తనకు ఆయాసం వచ్చిందో లేదో ఆ పిల్ల నా మొహం చూసి తెలుసుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోయాను. చేతులు వెనక్కి కట్టుకుని, "ఇంకాసేపు ఆడుకో, పో," అన్నాను.

అది నమ్మలేదు. మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.