చేపపిల్లలకి ఏసీ, మాకు హీటరు: గూడెం నుంచి కొల్లేరు దాకా

గూడబాతులను దగ్గర నుంచి చూడాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. ఏలూరులో ఉంటూ కొల్లేరు పక్షులు చూడలేదంటే ఎవరైనా నవ్వుతారు, నవ్వారు కూడా. డిసెంబరు మొదట్లో మా తమ్ముడు శ్రీను ఫోన్ చేసి, "గూడెంలో చేపపిల్లలు తీసుకుని ఆకివీడు దగ్గర చెరువులో వదలాలక్కా. నువ్వూ వచ్చెయ్యి, అట్నుంచి ఆటపాక పక్షుల దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాడు. ఇంకేం కావాలి! పొద్దున్నే పాసింజరెక్కి ఎనిమిదిన్నరకల్లా తాడేపల్లిగూడెంలో దిగాను.

స్టేషన్ బయట వాడి పాత కారు ఉంది. వెనక సీటు నిండా ప్లాస్టిక్ సంచులు, వాటిలో కొంచెం నీళ్ళు, పైన ఆక్సిజన్, లోపల వేలెడు చేపపిల్లలు. ఏసీ చలికి నేను కొంగు కప్పుకుంటే, "అది నీకు కాదులే, వాటికి" అన్నాడు. వాడు నవ్వుతున్నాడు కానీ మొహంలో కంగారు దాగడం లేదు. కిందటేడు మబ్బు పట్టిన ఒక తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ చాలక వాడి చేపలన్నీ చచ్చి తేలాయి. ఈసారీ పోతే కౌలు చెరువు వదిలేసి ఊరు దాటి పని వెతుక్కుంటానని మరదలితో అనేశాడట.

పెంటపాడు, భీమవరం మీదుగా ఉండి ఊరు దాటాం. కోతల రోజులు కదా, దారంతా సగం రోడ్డు మీద ధాన్యమే. పక్కనే తూర్పారబడుతుంటే తాలూ పొట్టూ గాలిలో లేస్తున్నాయి. అంత దుమ్ములోనూ నాకు సంబరంగానే ఉంది. ఇంతలో శ్రీను, "అయ్యబాబోయ్" అన్నాడు. ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది.

"ఏసీ ఆపితే పిల్లలు పోతాయి, ఆపకపోతే ఇంజను పోద్ది" అంటూనే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు పూర్తిగా తిప్పాడు.

"నీకేమన్నా పిచ్చా? ఇంత ఎండలో హీటరేంట్రా!"

"హీటరంటే చిన్న రేడియేటరేనక్కా. ఇంజను చుట్టూ తిరిగిన వేడినీళ్ళు దీన్లోకీ వస్తాయి. ఆ వేడి మనం భరిస్తే ఇంజనుకి కాస్త తగ్గుద్ది."

భరించాం. రోడ్డు మీద ధాన్యానికి ఆవల కాస్త చోటు దొరికేదాకా కుంపటి ముందు కూర్చున్నట్టు చెమటలు కక్కాం. ఆపగానే బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సుమంది. నేను రేడియేటరు మూత తీయబోతే శ్రీను కేకేశాడు, "ముట్టుకోకు, వేడినీళ్ళు మొహాన కొడతాయి!"

ధాన్యం దగ్గర నుంచి ఒక పెద్దావిడ పరుగున వచ్చారు. పేరు వెంకటలక్ష్మి. మా మీద కోప్పడతారేమో అనుకున్నాను. ఆవిడ వెనక సీటులోకి చూసి, "అయ్యో, పసివండీ! ముందు వాటిని నీడకి తెండి" అన్నారు. కూలీల కోసం వేసిన టార్పాలిన్ కింద సంచులు పరిచి, తడిపిన గోనెలు కప్పించారు. ఇంజను చల్లారాక శ్రీను రేడియేటరులోకి పక్క చెరువు నీళ్ళు తేబోతే ఆపారు. "అవి ఉప్పండీ బాబూ, బండి పాడైపోద్ది. ఇదిగో, ఈ నీళ్ళు పొయ్యండి."

అది కూలీలు తాగడానికి మంచినీళ్ళ ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను. చుట్టూ ఎటు చూసినా చెరువులే, తాగే నీళ్ళు మాత్రం ఊళ్ళోంచి మోసుకు రావాలి. "మరి వాళ్ళకో అండీ?" అన్నాను. "మజ్జిగ ఉందిలెండి" అన్నారు.

నీళ్ళు పోస్తుండగా ఆవిడ కారు ముందుకి వంగి చూసి, "దీనికి దోమతెర కట్టారేవండీ, దోమలు కుడతాయనా?" అన్నారు. చెరువుల వైపు సాయంత్రం పురుగులు రేడియేటరులో దూరుతున్నాయని శ్రీనే కట్టాడు. ఆ ప్రాంతంలో చాలామంది కడతారు. ఆ తెర నిండా పొట్టు చాపలా అతుక్కుని గాలి చొరకుండా చేసింది. విప్పేసి బయల్దేరితే ముల్లు మళ్ళీ పైకి లేవలేదు. ఏసీ వేశాం.

చెరువు దగ్గర సంచులు వెంటనే విప్పకూడదు. లోపలి నీళ్ళు, చెరువు నీళ్ళు ఒకే వేడికి వచ్చేదాకా నీళ్ళ మీద తేలనివ్వాలి. ఆ కాసేపూ శ్రీను చేత్తో సంచుల మీద నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు. మూతి విప్పాక ముందు కొన్ని పక్కకి ఒరిగాయి.  తర్వాత ఒకటి తోక కొట్టింది, ఆ వెనక అన్నీ చురుగ్గా లోపలికి వెళ్ళిపోయాయి. వాడు గట్టు మీద కూలబడి ఏడ్చేశాడు, నేనూ ఏడ్చాను.

ఆటపాకలో పడవెక్కి గూడబాతులను చూశాను, కడుపు నిండింది. పడవ నాలుగు దాటాక దొరకడం కష్టమన్నారు, త్వరగా వెళ్ళండి. ఆటపాక నుంచి ఏలూరుకి దగ్గర దారి ఉన్నా, శ్రీనుని మళ్ళీ ఉండి వైపే తిప్పించాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మన కోసం దాహం ఓర్చుకుంటే, థాంక్స్ చెప్పకుండా ఇంటికెలా వెళ్తాం? మీరూ కోతల కాలంలో వెళ్తే కారు ముందు తెర కట్టకండి, కడితే దారిలో ఆగి దులపండి. డిక్కీలో ఒక క్యాను మంచినీళ్ళు కూడా పెట్టుకోండి. మేము ఆకివీడులో రెండు క్యాన్లు కొని తీసుకెళ్ళాం. వెంకటలక్ష్మి గారు వాటి వైపు చూడనేలేదు. "బతికాయా అండీ?" అన్నారు. శ్రీను తలూపాడు. ఆవిడ వెనక్కి తిరిగి పొలం వైపు గట్టిగా అరిచారు, "ఒసేయ్, బతికాయంటే!" చీకటి పడుతున్న ఆ రోడ్డు మీద ధాన్యం ఎత్తుతున్న ఆడవాళ్ళంతా చేతిలో పని ఆపి చప్పట్లు కొట్టారు.