కట్‌పీసు కోటు

పెళ్లికొడుకు కోటు వేసుకోవాలని లేఖనాల్లో ఎక్కడా లేదు. నేను వెతికాను కూడా. అయినా మా చర్చి సంఘంలో కోటు లేకుండా, పాస్టరు ప్రసంగించే పుల్పిటు ముందు నిలబడిన పెళ్లికొడుకును నేను చూడలేదు. మే నెల ఎండలో, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయినా సరే, మెడ మీద చెమట కారుతుంటే కోటులోనే నిలబడి "ఔను, ఇష్టమే" అంటారు. కూలికి పోయేవాళ్లు కూడా ఆ ఒక్క పూటకు ఎవరినో అడిగి ఒక కోటు తెచ్చుకుంటారు.

నా వంతు వచ్చినప్పుడు అసలు చిక్కు నా ఒంటితోనే వచ్చింది. నేను చిన్నప్పటి నుంచీ బక్కవాణ్ని. సండే స్కూల్లో క్రిస్మస్ నాటకం వేస్తే దేవదూత వేషం నాదే. బల్ల మీద నిలబెడితే బల్ల కిర్రుమనని పిల్లవాణ్ని నేనొక్కణ్నే మరి. పెద్దయ్యాక పామిడిలో ఎరువుల దుకాణంలో పనికి కుదిరినా, శుక్రవారం ఉపవాస ప్రార్థన మానలేదు. ఒళ్లు రాకపోవడానికి అదే కారణమని మా అమ్మ అనుకునేది. "ప్రార్థన చెయ్యి నాయనా, వద్దనను. తిని చెయ్యి" అనేది.

నాకు కుదిరిన అమ్మాయిది చిలమత్తూరు. హిందూపురం దగ్గర గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని చేసేది. నిశ్చితార్థం రోజు ఆమె పెద్దనాన్న కూతుళ్లు నన్ను పైనుంచి కిందికి చూసి మూతులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆ రాత్రి ఆమె నాకు ఫోన్ చేసి ఏమీ దాచకుండా చెప్పింది.

"మా అక్కోళ్లు ఏమన్నారో తెలుసా? ఆయనకు కోటు తొడిగితే దండెం మీద ఆరేసినట్టు ఉంటాదంట."

"నువ్వేమన్నావు?"

"పెండ్లి రోజు చూడండక్కా, అప్పుడు మాట్లాడండి అన్నా. ఇంగ నా పరువు మీ చేతిలో ఉండాది. మంచి కోటు వేసుకోండి. ఆ రోజు వాళ్లు మిమ్మల్ని చూసి నవ్వగూడదు. నేనడిగేది అదొకటే."

బంగారం అడగలేదు, చీర అడగలేదు. అక్కలు నవ్వకూడదని మాత్రం అడిగింది. నేను ఆ రాత్రే మోకాళ్ల మీద కూర్చుని ఆ సంగతి ప్రభువు ముందు పెట్టాను.

మరుసటి వారం అమ్మను వెంటబెట్టుకుని అనంతపురం పోయాను. రెడీమేడ్ దుకాణంలో అన్నిటికంటే చిన్న కోటు తొడిగారు. నా భుజాలు అయిపోయిన తర్వాత కూడా కోటు భుజాలు ఇంకా ముందుకు పోతూనే ఉన్నాయి. దుకాణం అతను నన్ను చూసి, అరలను చూసి, మెట్ల మీదుగా పైకి తీసుకుపోయి ఇంకొకటి తొడిగాడు. ఛాతీకి అతికినట్టు సరిపోయింది. చేతులు మాత్రం మణికట్టుకు జానెడు పైనే ఆగిపోయాయి. మెడ దగ్గర ఎర్రటి బో ఒకటి కుట్టి ఉంది.

"బాగుండాది గానీ చేతులే పొట్టి" అంది అమ్మ.

"అమ్మా, అది బడి పిల్లోళ్లది" అన్నాడతను.

అద్దె కోట్ల కొట్టుకు కూడా పోయాం. అక్కడ వదులుగా ఉన్న కోటును వీపు వెనక క్లిప్పులతో బిగించి, "ముందు నుంచి చూస్తే హీరో అన్నా నువ్వు. వెనక్కి మాత్రం తిరగొద్దు" అన్నారు. వాళ్లకు మా పెళ్లిళ్ల సంగతి తెలియదు. మా దగ్గర పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పుల్పిటు వైపు తిరిగి నిలబడతారు. పాటలు, వాక్యం, ప్రమాణాలు, మోకరించి చేసే దీవెన ప్రార్థన అన్నీ అలాగే. అంతసేపూ సంఘానికి కనిపించేది వీపే.

చివరికి పాతూరు సందులో కోట్లు కుట్టే ఒక భాయ్ దగ్గరికి చేరాం. ఆయన టేపు తీయకుండానే నన్ను చూసి నవ్వాడు.

"నీకు నిండు గుడ్డ ఎందుకప్పా? కట్‌పీసు చాలు. థానులో ఆఖరి ముక్కలు ఉంటాయి, మామూలు మనిషికి కోటూ ప్యాంటూ రావని సగం ధరకే ఇచ్చేస్తారు. నీకు వస్తాయి."

ఎదురు దుకాణంలో గుట్ట కింద నుంచి ముదురు నీలం ముక్క ఒకటి బయటపడింది. మెత్తగా, బరువు లేకుండా ఉంది. దాని ధర విని అమ్మ కొట్టు మధ్యలోనే చెయ్యెత్తి "స్తోత్రం ప్రభువా" అంది. నా బక్కతనం వల్ల నాకు ఒక మేలు జరగడం అదే మొదటిసారి.

కొలతలు ఇచ్చే రోజు అమ్మ నన్ను రెండు చొక్కాలు తొడుక్కోమంది, లోపల ఒక మందపు చొక్కా, పైన ఇంకొకటి. "పెండ్లయినాక ఒళ్లొస్తాది. ఏటా కోటు కుట్టిస్తామా? దేవుని మందిరంలో పెరిగే కొడుకుకు ఏటేటా అంగీ కుట్టి తీసుకుపోయిన తల్లి కథ నువ్వే గదా సండే స్కూలు పిల్లోళ్లకు చెప్తావు. ఆమె కూడా కొంచెం పెద్దదే కుట్టుంటాది" అంది.

రాజు తన కవచం తొడిగితే అడుగు వేయలేక విప్పేసిన గొర్రెల కాపరి కథ నేను చెప్పాను. ఇద్దరం లేఖనాలు ఎరిగినవాళ్లమే. కానీ ఆమె అమ్మ. రెండు చొక్కాలూ తొడుక్కున్నాను. భాయ్ టేపు చుట్టుతుంటే అమ్మ పక్కన నిలబడి "వదులుగానే పెట్టు భాయ్" అంటూనే ఉంది. ట్రయల్‌కూ అలాగే పంపింది.

పెళ్లి ఇంకో వారం ఉందనగా కోటు ఇంటికొచ్చింది. తెల్ల చొక్కా ఒక్కటే తొడుక్కుని, దాని మీద వేసుకున్నాను. నేను కుడికి తిరిగితే కోటు కాసేపు ఆలోచించి తర్వాత తిరిగింది. నాయన బీడీ పక్కన పెట్టి చూసి, "లోపల ఇంకొకడికి జాగా ఉండాది" అన్నాడు. అమ్మ ముఖం మాడిపోయింది. నాకు మాత్రం దండెం కళ్ల ముందు కనిపించింది, దాని కింద చిలమత్తూరు అక్కలు వరసగా కూర్చుని ఉన్నారు.

అనంతపురం బస్సెక్కి భాయ్ కొట్టుకు పరుగెత్తాను. తాళం. తమ్ముడి నిఖాకు కర్నూలు పోయినాడని, ఇప్పట్లో రాడని పక్క కొట్టువాళ్లు చెప్పారు. వేరే దర్జీలు కోటును అటూ ఇటూ తిప్పి చూసి, పెళ్లిళ్ల పని మీద పడి ఉందని, ఒకరు కుట్టింది విప్పే పని తాము పెట్టుకోబోమని అన్నారు.

ఆమెకు చెప్పక తప్పలేదు. ఫోన్‌లో అంతా విని అడిగింది, "రెండు చొక్కాలు వేసుకోమని ఎవరు చెప్పినారు మీకు?"

పక్కనే ఉన్న అమ్మ ఫోన్ లాక్కుంది. "నేనేలేమ్మా చెప్పింది. వాడినేమనొద్దు."

అవతల నుంచి పకపకా నవ్వు. "అయితే అత్తా, మీరే కోటు తీస్కొని రాండి. ఆయన్ని కూడా పిల్చుకొని రాండి."

అదెట్లా కుదురుతుంది? ఆదివారం ఆరాధనలో పెళ్లి ప్రకటన చదవడం మొదలయ్యాక పెళ్లికొడుకు పిల్ల ఇంటి గడప తొక్కకూడదు. అమ్మ అదే మాట అంది.

"మా ఇంటికి కాదత్తా, చర్చికి రాండి. అది దేవునిల్లు గదా, నాది కాదు" అంది ఆ పిల్ల.

శనివారం పొద్దున్నే బయలుదేరి బస్సులు మారి చిలమత్తూరు చేరాం. అక్కడి పాస్టరమ్మ గారు తన కుట్టుమిషన్‌ను చర్చిలోకే పెట్టించి, మాకు కాపలాగా చాప వేసుకుని కూర్చుంది. ఆ అమ్మాయి కోటును తిరగేసి, లోపలి కుట్లు చూసి, మొదట ఒక మాట చెప్పింది.

"అత్తా, నిజం చెప్తా. నేను ఇంతవరకు నిండు కోటు కుట్టలేదు. మా లైనులో ఒక్కొక్కరిది ఒక్కొక్క ముక్క. నేను చేతులు అతికిస్తా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులే. ఆ చేతులు తొడుక్కునే మనిషి యాడుంటాడో కూడా తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిలే" అంది పాస్టరమ్మ గారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. నేను పుల్పిటు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆమె రెండు చేతులూ విప్పేసి, సబ్బు ముక్కతో భుజాల దగ్గర గీతలు గీసి, కుదించి మళ్లీ అతికించింది. తొడుక్కున్నాను. ఎంతో బాగుంది.

"చెయ్యెత్తండి, పాటలప్పుడు ఎత్తినట్టు."

ఎత్తాను. కోటంతా నాతో పాటే పైకి లేచి చెవులను తాకింది. పాస్టరమ్మ గారు నవ్వాపుకోలేక వంగిపోయింది. ఫ్యాక్టరీ కోట్లు తొడుక్కునేవాళ్లు దేవుని స్తుతించరేమో, ఆ కొలత ఆమెకు అలవాటు లేదు. మళ్లీ విప్పింది. రెండోసారి ఎడమ చెయ్యి కుదిరింది, కుడిది కుదరలేదు. మూడోసారి నేను రెండు చేతులూ పైకెత్తి నిలబడితే కోటు నడుము దగ్గరే ఉండిపోయింది. "స్తోత్రం" అన్నారు ముగ్గురు ఆడవాళ్లూ ఒకేసారి.

ఇక పక్కల వెడల్పు మిగిలింది. ఆమె కత్తెర తీసింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"కొయ్యొద్దమ్మా. నేను లోపలికి మడిచి చేత్తో కుడతా. రేపు వాడికి ఒళ్లొస్తే విప్పుకోవచ్చు."

"రాకపోతే అత్తా?"

"వస్తాదిలే. వండేది నువ్వు గదా."

ఇద్దరూ చాప మీద చెరో పక్క కూర్చుని నా కోటును ఒళ్లో పెట్టుకున్నారు. బొంతలు కుట్టిన చెయ్యి మా అమ్మది, సన్న కుట్టు పడుతూ పోయింది. వదిన ఎవరు, మరిది ఎవరు, మా ఇంట్లో ఉప్పు ఎవరు ఎక్కువ తింటారు, అన్నీ ఆ కుట్లలోనే చెప్పేసింది. చొక్కాతో కిటికీ దగ్గర నిలబడి వాళ్లను చూస్తుంటే నా గుండె నిండిపోయింది. ఇన్నేళ్లూ ఒళ్లు ఇవ్వమని దేవుణ్ని అడిగాను. ఈ ఇద్దరి పక్కన కాస్త చోటు ఇవ్వమని అడగాలని నాకు తోచనే లేదు. అడగకుండానే ఇచ్చాడు.

పెళ్లి రోజు వడగాలి. ఆడవాళ్ల వైపు మొదటి వరసలోనే ఆమె అక్కలు కూర్చున్నారని లోపలికి నడుస్తున్నప్పుడే చూశాను. ఆ తర్వాత నా వీపు వాళ్లది. పాస్టరు అయ్యగారు వాక్యం మొదలుపెట్టి, యేసు ప్రభువు పోయిన కానా ఊరి పెళ్లి విందు దాకా పోయి, అక్కడి నుంచి ఎంతకూ తిరిగి రాలేదు. నేను వాక్యం వింటూనే వెనకాల ఎవరైనా కిసుక్కుమంటారేమోనని చెవులు రిక్కించాను. పాట వచ్చింది. చెయ్యెత్తాను. మోకరించాం, పెద్దలంతా మా తలల మీద చేతులు పెట్టారు. వెనక నుంచి ఒక పసిబిడ్డ ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. పక్కన ముసుగులోంచి ఆమె నన్ను మోచేత్తో చిన్నగా పొడిచింది. ఆమె కూడా అదే వింటోందని అప్పుడు అర్థమైంది.

ఆమెన్ అయ్యాక మా ఇద్దరినీ సంఘం వైపు తిప్పారు. అక్కల ముఖాల్లో నవ్వు లేదు, అనుమానం ఉంది. చేతులు కలిపే వరసలో పెద్దక్క తిన్నగా వచ్చి, నా భుజాన్ని రెండు వేళ్లతో నొక్కి చూసింది.

"నిజం చెప్పు మరిదీ, లోపల ఎంత దూది పెట్టించినావు?"

నేను నోరు తెరిచేలోపు పక్కనున్న మా ఆవిడ చెయ్యి చాచి నా కోటు గుండీ విప్పి, రెండు పక్కలా తెరిచి పట్టుకుంది.

"చూసుకో అక్కా. దూది లేదు. మనిషే ఉండాడు."

పెద్దక్క ఒక క్షణం చూసింది. తర్వాత అంత పెద్ద చర్చిలో అందరూ తిరిగి చూసేలా నవ్వేసింది. నవ్వకూడదనే కదా మేము ఇంత తిప్పలు పడ్డాం. అయినా ఆ నవ్వుకు మా ఆవిడ కోప్పడలేదు, తనూ కలిసింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. వెనకాల వరసలో ఉన్న ఒక మామ, "గుండీ పెట్టుకోండప్పా, ఆడ అన్నం చల్లారతాంది" అని తోసేదాకా నవ్వుతూనే ఉన్నాం.