యూసుఫ్ చాచాకు వచ్చిన జ్వరం

1993. మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నేను నర్సును. కల్వకుర్తిలో బట్టలకు రంగులు వేసే యూసుఫ్ చాచాకు మూత్రాశయంలో కేన్సర్ గడ్డ. సర్జన్ గారు తీసేస్తే మళ్లీ వచ్చింది, మళ్లీ తీశారు. మూడోసారి వస్తే మూత్రాశయమే తీసి పొట్టకు మూత్రం సంచి తగిలించాలన్నారు. సంచితో రంగు తొట్టి మీదికి వంగేదెట్లా అన్నదే చాచా భయం.

మిగిలిన ఆశ బీసీజీ. పిల్లలకు క్షయ రాకుండా వేసే టీకాలోని క్రిములనే కెథెటర్ అనే సన్నటి గొట్టంతో మూత్రాశయంలోకి పోస్తాం. వారానికోసారి, ఆరు వారాలు. రెండు గంటలు ఆపుకొని అటూ ఇటూ తిరిగి పడుకోవాలి.

"తొట్ల బట్ట తిప్పినట్టేనా సిస్టరమ్మా? తిప్పకుంటె మచ్చలు పడ్తయి" అన్నాడు చాచా. మళ్లీ తనే అడిగాడు. "ముల్లు గుచ్చుకుంటెనే ఒళ్లు చీము పట్టి ఎళ్లగొడ్తది. గింత గడ్డను ఎందుకు ఊకున్నది?"

"ముల్లు బయటిది చాచా. గడ్డ మీ ఒంట్లకెల్లే పుట్టింది. ఇంటి మనిషనుకొని కావలి కణాలు ఇడిసిపెడ్తయి. పైగా వాటిని జోకొట్టే రసాలు గూడ ఇడుస్తది. గీ క్రిములు పోస్తె కావలోళ్లు లేస్తరు. గా గొడవల గడ్డ గూడ దొరకాలని మన ఆశ."

నాలుగో వారం చాచా రాలేదు. భార్య ఒక్కతే వచ్చింది.

"పోయినసారి పోసిన దినం చలిజ్వరం. క్షయ అంటిచ్చిండ్రు. ఇగ పంప."

నాకు తల కొట్టేసినట్టయింది. జ్వరం రావచ్చని నాకు తెలుసు. ముందే చెబితే బెదురుతాడని నోరు మూసుకున్నాను.

"జ్వరం ఎన్ని దినాలున్నది చాచీ?"

"తెల్లారేసరికి దిగింది."

"తప్పు నాది, ముందే చెప్పాల్సింది. క్షయ అయితె గిట్ల తెల్లారేసరికి దిగదు. ఒంట్ల కావలోళ్లు లేస్తె ఒళ్లు ఏడెక్కుతది. దిగకుంటెనో, మస్తు ఎక్కితెనో మాత్రం ఎంటనే రావాలె."

"అయితె లోపల పని నడుస్తాందా?"

"నడుస్తాందనే అనుకుంటున్న. ఖాయంగ చెప్పలేను."

రెండు రోజులకు ఇద్దరూ వచ్చారు. "నీళ్లు కాగకుంటె రంగు పడ్తదా అని నేనే చెప్పిన ఈమెకు" అన్నాడు చాచా.

"ఏం చెప్పలే. నేనే గుంజుకొచ్చిన" అంది చాచీ.

ఆరూ పూర్తయ్యాయి. మూడు నెలలకు సర్జన్ గారు గొట్టం పంపి లోపల చూస్తుంటే చాచా నా చెయ్యి వదల్లేదు. "గడ్డ లేదు, శుభ్రంగా ఉంది" అన్నారు సర్జన్ గారు. నాకు ఏడుపొచ్చింది.

రోగి బెదురుతాడని నేను దాచిన ఒక్క మాట అతని మూత్రాశయం మీదికి తెచ్చేది. ఆ తర్వాత గొట్టం చేతిలోకి తీసుకోకముందే జ్వరం సంగతి చెప్పడం అలవాటు చేసుకున్నాను. చాచా పరీక్షకు వచ్చిన రోజుల్లో ఆ పని కూడా నాకు ఉండేది కాదు. బెంచీ మీద బిగుసుకు కూర్చున్న కొత్త మనిషి పక్కన చేరి ఆయనే చెప్పేవాడు.

"జర జ్వరమొస్తది, ఫికర్ చెయ్యకు. గిన్ని దినాలు పండుకున్నోళ్లు లేస్తున్నరన్నట్టు."