తల్లిని కూతురి కింద పెట్టిన రోజు

మా మేనత్తకు కుట్టుమిషన్ల విడిభాగాల దుకాణంలో ఇరవై రెండేళ్ళ సర్వీసు. అందులో పందొమ్మిదేళ్ళు కౌంటరు దగ్గర నిలబడే గడిపింది. మోకాళ్ళు అరిగిపోయి ఇక నిలబడలేనని చెప్పిన రోజున పెద్దాయన, అంటే దుకాణం యజమాని, "అయితే కూర్చుని ఆ వెబ్‌సైటు సంగతేదో చూడమ్మా" అన్నాడు. ఆయన మాటవరసకు అన్నాడు, ఈవిడ పట్టుకుని వదల్లేదు. యాభై దాటాక కంప్యూటరు క్లాసులో చేరి, పిల్లల పక్కన కూర్చుని నేర్చుకుని, ఏడాది తిరిగేసరికి సైటు తయారుచేసి పెట్టింది. నేను అదే దుకాణంలో పార్సిళ్ళు కట్టే బల్ల దగ్గర పనిచేస్తాను కాబట్టి ఇదంతా కళ్ళారా చూశాను. మొండితనంలో మా అత్తను మించినవాళ్ళని నేనింకా చూడలేదు.

మా దుకాణానికో పద్ధతి ఉంది. ప్రతి పొట్లం మీదా ఒక కోడు స్టిక్కరు అంటిస్తాం. మెకానిక్కులు దాన్ని ఒలిచి మిషను మూత లోపలివైపు అంటించుకుంటారు. రెండు మూడేళ్ళకు ఆ భాగం అరిగినప్పుడు ఫోనుతో స్కాన్ చేస్తే మా సైట్లో సరిగ్గా ఆ భాగం ఉన్న పేజీ తెరుచుకోవాలి. పేజీ చిరునామాలో ఒక వరస ఉంటుంది: ముందు మోటార్లు, వాటి కింద బెల్టులు, వాటి కింద చిన్న సైజు.

పెద్దాయనకూ ఓ పద్ధతి ఉంది. ఆరునెలలకోసారి అరలు సర్దకపోతే ఆయనకు తోచదు. దుకాణంలో ఏ సరుకు ఎక్కడికి మారితే సైట్లోనూ అక్కడికే మారాలి. అత్తేమో ఒక్కో పేజీ చిరునామానూ మొదటినుంచి చివరిదాకా చేత్తో కొట్టి పెట్టింది. ఈసారి దారం చుట్టే బాబిన్లను తీసుకెళ్ళి, గుడ్డను అదిమిపట్టే పాదాల అరలో పెట్టగానే అత్త మూడువందల చిరునామాలు మళ్ళీ కొట్టింది. కొత్తవి వచ్చాయి, పాతవి చచ్చాయి. మర్నాటినుంచి ఫోన్లే ఫోన్లు. "దుకాణం ఎత్తేశారా ఏంటండీ?" అని ఒక మెకానిక్కు పాపం నిజంగానే దిగులుగా అడిగాడు.

పెద్దాయన అత్తను పిలిచాడు. "శుక్రవారం సైట్లు అమ్మే కంపెనీవాళ్ళు వస్తున్నారమ్మా. రెడీమేడ్ సైటట. ఆలోగా నీది దారికొస్తే సరే. లేకపోతే వాళ్ళకిచ్చేద్దాం, నువ్వు కౌంటరుకి వచ్చేద్దువుగాని."

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త మాత్రం "సరే సార్" అని వచ్చేసింది. మేమిద్దరం ఉండేది ఒకే ఇంట్లో. ఇంటికొచ్చాక మోకాలు పట్టుకుని కూర్చుని, "మళ్ళీ నిలబడ్డానంటే మంచం పడతానే" అంది. ఆ మాట అంత మామూలుగా అనేసరికి నాకు భయమేసింది.

సాయంత్రం మెట్లమీద పక్కింటి ముసలావిడ నా నాలుగేళ్ళ కూతుర్ని పట్టుకుంది.

"ఎవరి పిల్లవే నువ్వు?"

"మా అమ్మ పిల్లని."

"మీ అమ్మ ఎవరి పిల్ల?"

"మా అమ్మమ్మ పిల్ల."

"మరి మీ అమ్మమ్మో?"

మా పిల్ల కాసేపు ఆలోచించి, "అమ్మమ్మంటే అమ్మమ్మే, అంతే" అని తేల్చేసింది.

పక్కనే మెట్లమీద టీ తాగుతున్న అత్త చేతిలో గ్లాసు కింద పెట్టింది. "చిరునామా మొత్తం రాసి పెట్టక్కర్లేదే" అంది. నాకు అర్థం కాలేదు. అత్త నా రెండు చేతులూ పట్టుకుని చెప్పుకొచ్చింది. ప్రతి విభాగానికీ రెండే తెలిస్తే చాలు, తన పేరూ తన తల్లెవరో. చిన్న సైజుని అడిగితే బెల్టుల్ని చూపిస్తుంది, బెల్టులు మోటార్లను చూపిస్తాయి, మోటార్లకు తల్లి లేదు కాబట్టి అక్కడితో ఆగుతాం. దారిలో దొరికిన పేర్లు పైనుంచి కిందికి వరసగా పేరిస్తే అదే చిరునామా. ఒక్క తల్లిని మారిస్తే కింద ఉన్న సంతానం చిరునామాలన్నీ వాటంతటవే మారతాయి. మారేముందు పాత చిరునామాను ఒక పట్టికలో రాసుకుంటే, దాంతో వచ్చినవాళ్ళను కొత్త పేజీకి పంపొచ్చు. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది. నేను కూడా అన్నం సంగతి మరిచిపోయి విన్నాను.

ఆలోగా అత్త రాత్రుళ్ళు కూర్చుని సైటంతా అలాగే మార్చేసి, చచ్చిపోయిన పాత చిరునామాలను కూడా పట్టికలో ఎక్కించింది. శుక్రవారం పొద్దున కంపెనీ తరఫున టై కట్టుకున్నాయన వచ్చాడు. పెద్దాయన ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, సైట్లో బాబిన్లను మూడు చోట్లకు మార్చి చూశాడు. అన్నిసార్లూ పాత స్టిక్కరు సరైన పేజీకే పోయింది. నేను పార్సిళ్ళు వదిలేసి గుమ్మంలో నిలబడ్డాను.

అప్పుడు పెద్దాయన ఇంకో పని చేశాడు. దుకాణంలో మోటార్లు ఉండేది బెల్టులు వేలాడదీసిన అరలో, వాటి వెనకాల. అదే లెక్కన సైట్లోనూ మోటార్లను తీసుకెళ్ళి బెల్టుల కింద పెట్టాడు. ఇంకేముంది, బెల్టులకు తల్లి మోటార్లు, మోటార్లకు తల్లి బెల్టులు. ఒకదాన్ని అడిగితే రెండోదాన్ని చూపిస్తుంది, దాన్నడిగితే మళ్ళీ మొదటిదాన్ని. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అత్త మొహం పాలిపోయింది. టై ఆయన దగ్గాడు.

"పదిహేను నిమిషాలివ్వండి సార్" అంది అత్త.

వాళ్ళు టీ తాగారు. నేను గోళ్ళు కొరుక్కున్నాను. ముందు మోటార్లను వాటి పాత చోటికి చేర్చి, అత్త రాసింది నాలుగే లైన్లు: ఎవరికైనా కొత్త తల్లిని ఇచ్చేముందు ఆ తల్లినుంచి పైకి ఎక్కుతూ పో, దారిలో ఈ బిడ్డే ఎదురైతే ఒప్పుకోకు.

"ఇప్పుడు పెట్టండి సార్."

పెద్దాయన మళ్ళీ మోటార్లను బెల్టుల కింద పెట్టాడు. తెర మీద ఇలా వచ్చింది: "మోటార్లు బెల్టులకు తల్లి. తల్లిని కూతురి కింద పెట్టలేం." ఆయన గట్టిగా చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత టై ఆయన వైపు తిరిగాడు. "మరి మీ సైటుకి మారితే మా పాత స్టిక్కర్లు?"

"అవి పనిచేయవండీ. కొత్తవి అంటించుకోమని చెప్పండి."

"ఊరూరా తిరిగి ఆ మిషన్ల మూతలు ఎవరు విప్పుతారు, మీరా?"

టై ఆయన బ్యాగు సర్దుకున్నాడు. నాకు అక్కడే గెంతాలనిపించింది. పెద్దాయన తెరవంక ఇంకాసేపు చూసి, గడ్డం గోక్కుంటూ అడిగాడు. "అది సరేగానీ అమ్మా, నువ్వు సెలవు పెడితే దీన్ని ఎవరు చూస్తారు?"

ఇరవై రెండేళ్ళలో అత్త ఎన్నిసార్లు సెలవు పెట్టిందో లెక్కలేదు. ఆయన ఈ మాట అడగడం మాత్రం ఇదే మొదటిసారి. అత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"ఎవరికైనా నేర్పిస్తాను సార్," అంది చివరికి. "తొందరేం లేదు కదా."