కార్బురేటరుకు గంధం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. పెనుకొండ గ్రంథాలయంలో మూడు బీరువాల పుస్తకాలు చదివేసినవాళ్లకు అట్లాగే ఉంటుంది. (నాలుగో బీరువా తాళంచెవి ఎక్కడో పోయింది. దొరికి ఉంటే నాతో మాట్లాడటం కూడా కష్టమయ్యేది.) హిందూపురంలో కోచింగ్ తీసుకుని, ఒకే ఉద్యోగ పరీక్ష మూడుసార్లు రాసి, మూడుసార్లూ తప్పి ఇంట్లో కూర్చున్న కాలమది. రాత్రిళ్లు నిద్ర లేదు, పగలు మాట లేదు. అమ్మ దిష్టి అనేది, నాయన ఫోను అనేవాడు. నేను మాత్రం పద్ధతిగా గ్రంథాలయానికి పోయి నా జబ్బుకు మందు వెతుక్కున్నాను. ఒక పాత వారపత్రికలో దొరికింది. చేతులకు పని చెబితే మనసు కుదుటపడుతుందట. తోటపని, కుట్టుపని, వాహనాలు విప్పి బిగించడం అని ఉదాహరణలు కూడా ఇచ్చారు. తోటపనికి మా బోరులో నీళ్లు లేవు. కుట్టుపనికి సూదిలో దారం ఎక్కించే ఓపిక లేదు. రేకుల షెడ్డులో, వేరుశనగ మూటల పక్కన, నాయన పాత కారు మాత్రం ఉంది.

అది ముగ్గురి చేతులు మారి మా ఇంటికి చేరిన కారు. ఇద్దరు తోస్తే కదిలేది, కదిలితే మాత్రం ఆగమన్నా ఆగేది కాదు. గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన మోటారు రిపేరు పుస్తకం ఒకటి తెచ్చుకుని నెల రోజులు దాని కింద, పైన, లోపల గడిపాను. నిజం చెప్పాలంటే మందు పనిచేసింది. పడుకునే ముందు పరీక్షలో తప్పిన ప్రశ్నలు కాక, విప్పిన బోల్టులు గుర్తుకొచ్చేవి. "గాలీ పెట్రోలూ సరిపాళ్లలో కలిస్తేనే ఇంజను నడుస్తుంది, మనసూ అంతే" అని ఒకరోజు భోజనాల దగ్గర ఉపన్యసించాను. అమ్మ తలెత్తకుండానే, "పిండిలో నీళ్లెక్కువైతే దోసె రాదు. దానికి పుస్తకమెందుకే?" అంది.

ఇక్కడ అవ్వ సంగతి చెప్పాలి. అవ్వకు రెండు కళ్లకూ శుక్లాలు. అడుగుల చప్పుడును బట్టి మమ్మల్ని గుర్తుపట్టేది. పుట్టపర్తి ఆసుపత్రిలో ఆపరేషనుకు రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ బస్సులో కళ్లు తిరిగి, దారిలో కొత్తచెరువు బస్టాండులో దిగి, తిరుగు బస్సెక్కింది. ఇంకా ఆలస్యమైతే చూపు నిలబడుతుందని చెప్పలేమన్నారు డాక్టరమ్మ. మూడో తేదీ విజయదశమి మరునాడు పడింది. "మన కారైతే వస్తా. ఎవురిదో కారెక్కి పోయి కన్ను కోయించుకునేదాన్ని కాదు" అని అవ్వ తేల్చేసింది. అంటే ఆమె చూపంతా ఆ రేకుల షెడ్డులో ఉందన్నమాట.

ప్రయాణంలో ఇబ్బంది రాకూడదన్న సదుద్దేశంతో, అష్టమి నాడు నేను కార్బురేటరు విప్పాను. ముక్కలన్నీ పెట్రోలుతో కడిగి, పుస్తకం చెప్పిన వరుసలో పళ్లెంలో పేర్చాను. చీకటి పడింది, తెల్లారి బిగిద్దాంలే అనుకున్నాను. తెల్లారితే ఆయుధపూజ అన్న సంగతి నాకు తట్టలేదు. (పంచాంగం నాలుగో బీరువాలో ఉన్నట్టుంది.)

లేచి చూస్తే పళ్లెం షెడ్డులో లేదు. దేవుడి గదిలో నాయన కొడవలి, అమ్మ కత్తిపీట పక్కన నా స్పానర్లు, కార్బురేటరు ముక్కలు బొట్లు పెట్టుకుని, చామంతులు చుట్టుకుని కూర్చున్నాయి. సరస్వతి పటం ముందు అట్ట లేని నా పుస్తకం. తెల్లవారుజామునే తలస్నానం చేసి, అవ్వ ఒక్కతే చేసిందంతా.

"అవ్వా, అవి కారు లోపలి సామాన్లు!"

"తెలుసులేమ్మే. అందురూ బానెట్టుకు పూస్తారు. లోపల పూస్తేనే కదా దానికి తెలిసేది."

పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు మళ్లీ పూజ చేసి కదిలించేదాకా ముట్టకూడదు. పుస్తకాన్నీ తెరవకూడదు. నాయన షెడ్డులోకి తొంగిచూసి, బానెట్టు కింద ఖాళీని చాలాసేపు చూశాడు.

"మనసు బాగు చేసుకోనీకి నీకు నా కారే దొరికిందా? మీ మామ స్కూటరు లేదా?"

"స్కూటరు చిన్నది నాయనా" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే అది సమాధానమే కాదు.

ఆ రోజంతా చదవడానికి లేదు, విప్పడానికి లేదు, దిగులు పడటానికి కూడా ఇంట్లో చుట్టాలు చోటివ్వలేదు. మధ్యాహ్నం బొబ్బట్లు తిని, చాలా నెలల తర్వాత మొదటిసారి పగటి నిద్ర పోయాను. (ఈ వైద్యం వారపత్రికలో లేదు.)

దశమి పొద్దున పూజ కాగానే పళ్లెం తీసుకుని, పైపైన తుడిచి, పుస్తకం చూసుకుంటూ మొత్తం బిగించాను. ఒక్క బోల్టు కూడా మిగల్లేదు. తాళం తిప్పాను. కారు ఒకసారి దగ్గి ఊరుకుంది. నాయన తోశాడు, మామ తోశాడు, వీధిలో వాళ్లంతా జమ్మి తెచ్చుకోవడానికి పోతూ పోతూ తలా ఒక చెయ్యి వేశారు. అవ్వ అరుగు మీద కూర్చుని చప్పుడు వింటోంది. "రేపు పోతాండామా, లేదా?" అని ఒక్కసారే అడిగింది.

అప్పుడు గర్వం దిగమింగి, హిందూపురంలోని చెవి మేస్త్రీకి ఫోను చేశాను. ఇంజనుకు చెవి ఆనించి రోగం చెబుతాడని ఆయనకు ఆ పేరు. ఫోను ఇంజను దగ్గర పెట్టమన్నాడు. రెండు దగ్గులు విన్నాడు.

"ఏం పాపా, దానికి పూజ చేసినారా?"

"చేసినారు."

"విప్పి చేసినారా?"

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ప్రతి దసరాకూ నాకు ఇదే రోగం. గంధం యాడో రంధ్రంలో ఎండుకోని ఉంటాది. పెట్రోలు పోయే ఇత్తడి ముక్క తీసి, నానేసి, సైకిలు పంపుతో గాలి కొట్టు. సూది పెట్టొద్దు, పెద్దదైపోతాది. పుస్తకంలో రాసిండారా అది?"

రాసే ఉంటారు, నా పుస్తకంలో ఆ పేజీ లేదు. సూదిమొనంత రంధ్రమది. అందులో గంధం ఎట్లా పోయిందని అవ్వను అడిగితే సంతోషంగా చెప్పింది. "కనపడదు కదా, వేలితో తడుముకుంటా పూసినా. ఒక్క బొక్క కూడా ఇడిచిపెట్టలా."

పంపు కొట్టింది మామ. నాలుగోసారికి పచ్చటి పొట్టు ఎగిరి ఆయన మీసం మీద పడింది. కారు స్టార్టయింది. మరునాడు అవ్వ కొత్తచెరువు దాటింది, దారిపొడవునా గంధం వాసన పీలుస్తూ.

కట్టు విప్పాక అవ్వ ఆసుపత్రి బయటికొచ్చి మొదట కారును చూసింది. "ఇంత తుప్పు పట్టిన దాంట్లోనా నన్ను పిల్చుకొచ్చింది!" అంది. తర్వాత నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమ్మే, ఎన్నాళ్ల నుంచి ఇట్ల చిక్కిపోయినావు?"

ఇంట్లో కళ్లున్నవాళ్లెవరూ ఆ మాట అడగలేదు. "గ్రీజు అవ్వా, గ్రీజుకు అట్ల కనపడతాండా" అని మొహం తుడుచుకున్నాను.

ఇప్పుడు ధర్మవరంలో ఉద్యోగం, సొంత కారు. దాని బానెట్టు తెరిస్తే నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనిపించదు, విప్పాలంటే కంప్యూటరు కావాలట. అయినా ఆదివారాలు తెరుచుకుని కాసేపు నిలబడతాను. పోయిన వారం ఎదురింటాయన గేటు దగ్గరికొచ్చి, "ఏమైంది మేడం కారుకు?" అని అడిగాడు.

"కారుకేం కాలేదప్పా" అని నవ్వి, మూత మీద దుమ్మును వేలితో తడుముతూ ఉండిపోయాను.