ఆయన నాకు చెప్పని సూదిమందు

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే బస్సును మా ఆయన మూత్రానికని మూడోసారి ఆపమన్నప్పుడు, అందరి ముందూ కసిరాను. చిన్నపిల్లలు నయం, ఇంతకంటే ఆపుకుంటారన్నాను. ఆయన దిగి రోడ్డు పక్క చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి, "వస్తలేదు, మంటయితుంది" అన్నారు మెల్లగా. ఆ రోజు నాకు భయం వేయాల్సింది. కోపమే వచ్చింది. ఇది రాయడం నాకిష్టం లేదు, రాయకపోతే తర్వాతి సంగతి మీకర్థం కాదు.

మాది పాల్వంచ దాటాక అడవి అంచు ఊరు. ఆయన ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కొనుగోలు చూసుకుంటారు, మిగతా రోజులు వ్యవసాయం. నేను బి.ఎస్సీ. జువాలజీ చదివాను. అందుకని ఏ డాక్టరుతోనైనా వాదించే హక్కు నాకుందనుకునేదాన్ని.

ఖమ్మంలో స్కానింగ్ తీసి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందన్నారు, మాత్రలిచ్చారు. తగ్గలేదు. రక్తంలో ప్రోస్టేట్ జబ్బు జాడ చెప్పే పీఎస్‌ఏ పరీక్ష చేయిస్తే చాలా ఎక్కువ వచ్చింది. హైదరాబాద్ పంపారు. అక్కడ బయాప్సీ, బోన్ స్కాన్. క్యాన్సర్, నడుము ఎముక దాకా వెళ్లింది. "ఈ జబ్బు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ మీద బతుకుతుంది. ఆ హార్మోన్ ఆగాలి. వృషణాలు తీసేసే ఆపరేషన్ ఒక దారి, జీవితాంతం ఇంజెక్షన్లు రెండో దారి" అన్నారు డాక్టరు. నెలనెలా ఇంత దూరం తిరగలేమని ఆపరేషనే చేయమన్నాను. చెప్పింది నేను. ఆయన తలూపారు. తలూపడమంటే ఒప్పుకోవడమే అనుకున్నాను.

ఆ ఆసుపత్రిలోనే ప్రోస్టేట్ జబ్బుల మీద, పునరుత్పత్తి హార్మోన్ల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఒకావిడ ఉండేవారు. చెకప్‌కు వచ్చినప్పుడల్లా కొంచెం రక్తం ఇస్తారా అని అడిగారు. మా ఆయన రక్తంతో మీకు పేరొస్తుంది, మాకేమొస్తుందన్నాను.

"మీకేమీ రాకపోవచ్చమ్మా. ఆపరేషన్ తర్వాత హార్మోన్ పడిపోయే ఉంటుందని అందరం అనుకుంటాం, ఎవరూ కొలిచి చూడరు. నేను కొలుస్తున్నాను" అని, నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగి, "మీరు చెప్పండి" అన్నారు.

ఆయన సంతకం పెట్టి, "నా ఒంటి సంగతి ఒక్కటన్నా నన్నడిగిన్రు" అన్నారు. ఆ మాట నాకు తగిలింది.

ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ బాగా పడింది. నడుం నొప్పి తగ్గి పొలం గట్ల మీద తిరిగారు. కానీ ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు, చెమటలు, చేతుల్లో సత్తువ లేదు. ఊరికే కూర్చోవద్దు, నడవండి, నడవండి అని వెంటపడ్డాను. కొన్ని నెలలకు ఆయన కాస్త హుషారయ్యారు. నా పోరు పని చేసిందని మురిశాను.

తర్వాతి చెకప్‌లో పీఎస్‌ఏ మళ్లీ పెరిగింది. ఆ పైసారి ఇంకా పెరిగింది. "జబ్బు హార్మోన్ వైద్యానికి లొంగడం మానేసినట్టుంది. కీమోథెరపీకి సిద్ధం కండి" అన్నారు డాక్టరు. ఆ సాయంత్రమే శాస్త్రవేత్త మమ్మల్ని తన గదికి పిలిపించారు. ఆయన రక్తంలో టెస్టోస్టిరాన్ మామూలు మగవాళ్లకున్నంత ఉందట. ఆపరేషన్ అయినవాళ్లకు అంత ఉండదు, రెండుసార్లు చూశానన్నారు. మీ మిషన్ తప్పయి ఉంటుందంటూ నేను లేచాను. ఆవిడ నాతో వాదించలేదు.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారు.

నన్ను అలా బయటికి పంపినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. కాసేపటికి ఆయనే వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు.

"మన ఊరి సూది డాక్టరు దగ్గర బలానికని సూది ఏయించుకుంటున్న. మూడు వారాలకొకటి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఊరంత ఇనేటట్టు అరుస్తవు. ఏం ఆపరేషనయిందో ఊరికెరుక గావద్దనుకున్న. సూది పడ్డంక రెండు దినాలు మనిషినయినట్టుండేది."

ఆ బలం సూది టెస్టోస్టిరానేనని శాస్త్రవేత్త తేల్చారు. జబ్బు బతకడానికి కావాల్సింది మేమే ఏరికోరి ఎక్కించుకున్నాం.

ఊరికొచ్చి ఆ సూది డాక్టరు, మా ఆర్.ఎం.పి. మీదికి పోయాను. "వదినా, అన్న నీరసమన్నడు, ఇచ్చిన. ఆపరేషన్ సంగతి నాకెవరు చెప్పిన్రు?" అన్నాడు. తెలియని మందు ఎందుకిచ్చావని నాలుగు దులిపాను గానీ, చెప్పనిది మేమేనన్న మాట అబద్ధం కాదు.

సూది ఆపేశారు. రెండు చెకప్‌లకు పీఎస్‌ఏ దిగింది. కీమో వాయిదా పడింది, ఇప్పటికి మూడేళ్లయినా అవసరం రాలేదు. జబ్బు పోలేదు, అణిగి ఉందంటారు డాక్టరు. సెగలొచ్చినప్పుడు ఆయన తడి తువ్వాలు మెడకేసుకుని గుమ్మంలో కూర్చుంటారు. మొన్న ఎండాకాలం ఆకు కొనుగోలుకు కూడా వెళ్లారు.

ఇళ్లలో ఇలాంటి జబ్బున్న అక్కచెల్లెళ్లకు ఒకటే చెబుతాను. బలానికని వేయించుకున్న సూది, తాగిన కషాయం, మింగిన గోలీ, అన్నీ డాక్టరుకు తెలియాలి. అవి మీ ముందు బయటికి రాకపోవచ్చు. ప్రతి చెకప్‌లో ఐదు నిమిషాలు మీ మనిషిని డాక్టరు దగ్గర ఒంటరిగా వదిలి, మీరు తలుపు దగ్గరగా వేసి బయటికి రండి. లోపల ఏం మాట్లాడారని అడగకండి. నేనింకా అడగాలనిపించి నోరు బిగబట్టుకునే కూర్చుంటున్నాను.